ఊరి చెరువు దగ్గర పక్షులను చూడటం, కాపాడుకోవడం: మొదటి రోజు నుంచి ఏడాది దాకా

"పక్షులను చూడటం మొదలుపెట్టాలనుంది, ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగేవాళ్లలో చాలామంది నేలపట్టు, పులికాట్, కొల్లేరు లాంటి పేర్లు చెబుతారని ఎదురుచూస్తారు. అవి తప్పకుండా చూడాల్సినవే. అయితే నేర్చుకోవడానికైనా, కాపాడటానికైనా ముందు కావాల్సింది ఇంటి నుంచి అరగంటలో చేరుకోగల ఒక మామూలు చెరువు. నెలకు రెండుసార్లు వెళ్లే చెరువు దగ్గర ఏది మారినా మీకే ముందు తెలుస్తుంది. కొత్తగా మట్టి పోస్తున్నా, వచ్చే బాతులు రాకపోయినా ఇంకెవరికన్నా ముందు మీరే పట్టుకుంటారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చెరువులను మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. ఇదే వరుసలో చేస్తే పని తేలిక.

1. చెరువును ఎంచుకోండి

పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం కాదు. ఒడ్డు ఏటవాలుగా, నీళ్లు పలచగా ఉండే భాగం ఒక్కటైనా ఉండాలి. చుట్టూ రాయి పరిచి, గోడ కట్టి, వాకింగ్ ట్రాక్ వేసిన చెరువుల్లో బురదలో తిరిగే పక్షులకు కాలు మోపే చోటే ఉండదు. మీ దగ్గర అలాంటిదే ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, కానీ చూసే రకాలు తక్కువుంటాయని ముందే తెలుసుకోండి.

వెలుగు కూడా చూసుకోవాలి. ఉదయం మీరు తూర్పు ఒడ్డున నిలబడి పడమటి వైపు చూడగలిగితే ఎండ మీ వెనక నుంచి పడుతుంది, పక్షి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఎండకు ఎదురుగా నిలబడితే ప్రతి పక్షీ నల్లగానే ఉంటుంది. కొత్తవాళ్లు గుర్తుపట్టలేక విసిగిపోవడానికి ఇది పెద్ద కారణం.

చూసుకోవాల్సినవి:

- కట్ట మీద నడవడానికి దారి, ఉదయం ఎండ వెనక పడే చోటు
- ఏటవాలు ఒడ్డు, కొంచెం జమ్ము లేదా తుంగ, నాలుగైదు పాత చెట్లు
- చేపలు పట్టేవాళ్లో, పశువులు కాసేవాళ్లో తిరిగే చోటు (ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది ధైర్యం)
- ఊరికే వెళ్లి రాగలిగేంత దగ్గర

2. బైనాక్యులర్ కొనండి, సరిగ్గా అమర్చుకోండి

కెమెరా ముందా, బైనాక్యులర్ ముందా అంటే బైనాక్యులరే. కెమెరాతో మొదలుపెట్టినవాళ్ల దృష్టంతా ఫోటో బాగా వచ్చిందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. ఆ పక్షి ఏం తింటోంది, ఎలా నడుస్తోంది అన్నది చూడకుండానే ఇంటికి వచ్చేస్తారు.

8 ఇంటూ 42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే పక్షి ఎనిమిది రెట్లు పెద్దగా కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. జేబులో పట్టే చిన్నవి తెల్లవారుజామున మసకగా చూపిస్తాయి. యాభై రెట్లు, వంద రెట్లు జూమ్ అని చెప్పి అమ్మే చౌకవాటి జోలికి అసలు వెళ్లకండి.

కొత్తది చేతికి రాగానే ఇలా చేయండి:

1. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పండి. లేకపోతే బయటికి తిప్పండి.
2. రెండు గొట్టాలనూ దగ్గరికి, దూరానికి కదిపి ఒకే ఒక గుండ్రటి చిత్రం కనిపించే దగ్గర ఆపండి.
3. దూరంగా ఉన్న ఒక బోర్డును ఎంచుకోండి. కుడి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో చూస్తూ అక్షరాలు స్పష్టమయ్యే దాకా మధ్య చక్రాన్ని తిప్పండి.
4. ఇప్పుడు ఎడమ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టండి. మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే రింగును తిప్పి అదే బోర్డును స్పష్టం చేయండి. (కొన్నింట్లో ఈ రింగు వేరే చోట ఉంటుంది.)
5. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇక నుంచి మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

మూడు, నాలుగు మెట్లను వదిలేసి "తలనొప్పి వస్తోంది, మసగ్గా ఉంది" అని బైనాక్యులర్‌ను అటకెక్కించినవాళ్లు చాలామందే ఉన్నారు.

"కళ్ల దగ్గర పెట్టుకోగానే పక్షి కనిపించడం లేదు" అన్నది అందరికీ వచ్చే సమస్య. పక్షి కనబడగానే తల వంచి బైనాక్యులర్ కోసం చూడకండి. చూపు పక్షి మీదే నిలిపి, బైనాక్యులర్‌ను పైకి తెచ్చి కళ్ల ముందు పెట్టుకోండి. ఇంటి ముందు కరెంటు తీగ మీద వాలే గోరింకతో వారం రోజులు సాధన చేస్తే చెయ్యి కుదురుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ చూడకండి, కళ్లు పోతాయి. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఈ మాట మొదటే చెప్పాలి.

3. మొదటి రోజు చెరువు దగ్గర

సూర్యోదయానికి చేరుకోండి. తర్వాతి రెండు గంటలే అసలు సమయం. ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగు బట్టలు వేసుకోండి. తెలుపు, ఎరుపు వద్దు. బూట్లు తప్పనిసరి, గట్టు మీద పాములుంటాయి. ఎండిందనుకున్న బురదలో కాలు పెట్టకండి, పైన పెచ్చు కట్టినా లోపల మోకాలి లోతుంటుంది.

చేరగానే నడవడం మొదలుపెట్టకండి. ఒకచోట పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మీరు వచ్చినప్పుడు జమ్ములోకి దూరిన నీటికోళ్లు ఈలోగా మళ్లీ బయటికి వస్తాయి.

చూడటానికీ ఒక వరుస ఉంది:

1. ముందు వట్టి కళ్లతో మొత్తం చెరువును ఒకసారి చుట్టి చూడండి.
2. బైనాక్యులర్‌తో దూరపు నీటిని ఎడమ నుంచి కుడికి మెల్లగా చూడండి. నల్లటి చుక్కల్లా తేలేవన్నీ బాతులు కావు. మునిగి, మెడ ఒక్కటే పైకి పెట్టేవి నీటికాకులు.
3. తర్వాత ఒడ్డు. నీరు, బురద కలిసే గీతను జాగ్రత్తగా చూడండి. ఉలిక్కిపడి లేచేదాకా కనిపించని పక్షులు అక్కడే ఉంటాయి.
4. జమ్ము అంచులు, తామరాకులు.
5. చెట్లు, తీగలు, స్తంభాలు. చివర్లో ఆకాశం.

ఆ తర్వాతే నడవండి. చేపలు పట్టేవాళ్లు కనిపిస్తే పలకరించండి. ఏ మూలన ఏ పక్షి గూడు పెడుతుందో, కిందటి ఏడాది నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రేపు చెరువు కోసం మాట్లాడాల్సి వస్తే మీ పక్కన నిలబడేదీ వాళ్లే.

4. గుర్తుపట్టడం: రంగు చివర్లో చూడండి

కొత్తవాళ్లు ముందు రంగు చూస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. వెలుగును బట్టి, వయసును బట్టి, కాలాన్ని బట్టి రంగు మారుతుంది. ఈ వరుసలో చూడండి: సైజు, ఆకారం, ముక్కు, కాళ్లు, చేసే పని, ఆ తర్వాత రంగు.

సైజుకు కొలబద్ద మీకు ముందే తెలుసు: పిచ్చుక, గోరింక, కాకి. "గోరింక కన్నా చిన్న, పిచ్చుక కన్నా పెద్ద" అనుకున్నారంటే సగం పని అయిపోయినట్టే.

చెరువు మీద అందరినీ తికమక పెట్టేవి తెల్లకొంగలు. ఊళ్లో అన్నింటినీ కొంగ అనే అంటాం కానీ వాటిలో నాలుగు రకాలున్నాయి.

- ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు అయితే అది లిటిల్ ఈగ్రెట్. బురదలో కాలు ఆడిస్తూ చేపలను కదిలిస్తుంటుంది, అప్పుడు పసుపు పాదం కనిపిస్తుంది.
- ముక్కు పసుపు, మెడ పొట్టి, పశువుల వెంట గడ్డిలో తిరుగుతుంటే క్యాటిల్ ఈగ్రెట్. పిల్లలు పెట్టే కాలంలో తల, మెడ నారింజ వన్నెకు తిరుగుతాయి.
- బాగా పొడుగ్గా, మెడలో మెలికతో ఉండి, నోటి చీలిక కంటిని దాటి వెనక్కి వెళ్తే గ్రేట్ ఈగ్రెట్.
- చూడటానికి దాని చెల్లెలిలా ఉండి, నోటి చీలిక కంటి కిందే ఆగిపోతే ఇంటర్మీడియట్ ఈగ్రెట్.

ఈ నాలుగూ విడదీయగలిగితే మీకు కళ్లు తెరుచుకున్నట్టే. ఒకే చెరువు మీద, ఒకే ఉదయం వీటిలో మూడైనా దొరుకుతాయి.

గుడ్డికొంగది ఇంకో చిత్రం. గట్టున కూర్చుంటే మట్టిలో కలిసిపోయే గోధుమ రంగు. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. "ఇప్పుడు ఎగిరిన తెల్లకొంగ ఎక్కడ వాలింది?" అని వెతుకుతుంటే అది మీ ముందే గోధుమ రంగులో కూర్చుని ఉంటుంది.

లకుముకి పిట్టల్లోనూ మూడు రకాలు చెరువు దగ్గర కనిపిస్తాయి. గోధుమ రంగు తల, తెల్లటి రొమ్ము ఉన్నది పొలాల్లో కూడా తిరుగుతుంది. పిచ్చుకంత సైజులో, కడుపు నారింజ రంగులో ఉన్నది నీటి మీదకు వాలిన కొమ్మను వదలదు. నలుపు తెలుపుది గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువుగా నీళ్లలో పడుతుంది. ఈ మూడోదాన్ని గుర్తుపట్టడానికి రంగు అక్కర్లేదు, అది చేసే పనే చాలు.

ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకోండి, ఉచితం. మన దేశపు పక్షుల ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కూత విని పేరు సూచిస్తుంది కానీ దాని మాటను సూచనగానే తీసుకోండి. కంటితో చూసి నిర్ధారించుకున్నాకే రాసుకోండి.

తెలియనిది తెలియనట్టే రాయండి. "చిన్న బాతు, గోధుమ రంగు, రెక్క మీద పచ్చ మచ్చ" అని రాసుకున్నది మీకు వచ్చే ఏడాది పనికొస్తుంది. గెస్ కొట్టి రాసిన పేరు ఎవరికీ పనికిరాదు.

5. లెక్క రాసుకోండి

కాపాడటానికి మీ చేతిలో ఉండే అసలు ఆధారం ఈ లెక్కే. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నీటి మట్టం ఎంత ఉంది (అలుగు పారుతోందా, తూము తెరిచారా, ఎంత నేల బయటపడింది), ఏ పక్షులు, ఎన్ని.

ఇంటికి వచ్చాక అదే లెక్కను ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్, యాప్) ఎక్కించండి. చెరువు దగ్గరే యాప్ ఆన్ చేసినా సరే. అక్కడ మూడు విషయాలు సరిగ్గా ఉండాలి:

- కనీసం 15 నిమిషాలు చూడండి.
- గుర్తుపట్టిన అన్ని రకాలూ రాయండి. కాకి, గోరింక, పావురం కూడా. అప్పుడే "పూర్తి జాబితా" అన్నదానికి అవును అని పెట్టండి.
- ప్రతి రకానికి సంఖ్య ఇవ్వండి. గుంపు పెద్దదైతే పది పక్షులను లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసి, గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి.

కాకిని ఎందుకు రాయాలి అని అడుగుతుంటారు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక 942 రకాలను పరిశీలించింది. దానికి ఆధారం సుమారు 30,000 మంది మామూలు జనం ఇలా రాసి ఎక్కించిన లెక్కలే. కరెంటు తీగ మీద ఎప్పుడూ కనిపిస్తుందిలే అనుకునే పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, బాగా తగ్గిపోతోందని ఆ లెక్కల్లోనే బయటపడింది. మామూలు పక్షిని ఎవరూ రాయకపోతే అది తగ్గిన సంగతి ఎవరికీ తెలియదు.

ఏటా జనవరిలో నీటి పక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. మీ చెరువు పేరు వాటిలో ఉండేలా చూసుకోండి.

6. చెరువు ఏడాది

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీళ్లు చేరుతుంటాయి. లోతు పెరిగేసరికి బురద పక్షులు తగ్గుతాయి, గూళ్ల సందడి పెరుగుతుంది. గట్టు మీది తుమ్మచెట్ల మీద కొంగలు, నీటికాకులు కలిసి కాపురం పెడతాయి. ఈత, తాటి, తుమ్మ కొమ్మలకు గిజిగాడు గూళ్లు వేలాడుతుంటాయి. సగం అల్లిన గూడు కనిపిస్తే కాసేపు ఆగండి. మగపక్షి పచ్చి గడ్డిపోచను ముక్కున కరుచుకుని వచ్చి, తలకిందులుగా వేలాడుతూ ముడివేస్తుంది. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చకపోతే వెళ్లిపోతుంది. ఆ గూడు సగంలోనే ఆగిపోతుంది.

ఆగస్టు, సెప్టెంబర్ నుంచే వలస పక్షులు మెల్లగా దిగుతాయి. ముందు సన్నకాళ్ల ఉల్లంకులు, తోక ఊపుకుంటూ నడిచే వాగ్‌టెయిల్‌లు, తీగల మీద వరుసగా కూర్చునే స్వాలోలు. బాతులు నవంబర్, డిసెంబర్‌లో వస్తాయి: తోక సూదిలా ఉండే పిన్‌టెయిల్, మూతి గరిటెలా ఉండే షావెలర్. కొన్ని చెరువులకు హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ కూడా దిగుతుంది, తల వెనక రెండు నల్ల చారలుంటాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒక్క వారం కూడా వదులుకోకండి. తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలిన నాలుగైదు రోజులకు కొత్త బురద బయటపడుతుంది. ఆ వారం వెళ్తే మామూలుగా కనిపించని రకాలు ఉంటాయి.

మార్చి నుంచి మే దాకా చెరువులో ఏముంటుంది అనుకుని చాలామంది మానేస్తారు. నిజానికి మీ అవసరం ఎక్కువుండేది అప్పుడే. ఎండిన చెరువు నేల మీద తీతువు, నల్లరెక్కల స్టిల్ట్, చిన్న ప్లోవర్ లాంటివి గుడ్లు పెడతాయి. గూడు అంటూ ఏమీ ఉండదు, నాలుగు గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు. పూడికతీతకు జేసీబీలు, ట్రాక్టర్లు దిగేదీ ఈ నెలల్లోనే.

అలాంటి చోటు మీకు తెలిస్తే పని చేయించేవాళ్లతో ముందే మాట్లాడండి. పనులు ఆపమని అడగకండి. "ఈ మూల నాలుగు వారాలు వదిలేసి అటు నుంచి తవ్వండి" అని అడగండి. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజే నడుస్తాయి, ఆ తర్వాత మిగతా చోటు తవ్వుకోవచ్చు. పని ఆగదు కాబట్టి చాలా చోట్ల ఈ మాట వింటారు.

7. దూరం పాటించడం

పక్షి చేస్తున్న పని ఆపి, మెడ నిక్కించి మీ వైపు చూసిందంటే మీరు దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆగండి. అయినా తోక ఆడిస్తూ, కూత పెడుతూ కదులుతుంటే రెండడుగులు వెనక్కి వెయ్యండి. ఎగిరిపోయిందంటే హద్దు దాటారన్నమాట.

తీతువు మీ నెత్తి మీద చక్కర్లు కొడుతూ అరుస్తుంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయి. కదలకుండా నిలబడి, కాళ్ల చుట్టూ నేలను చూసుకుని, వచ్చిన అడుగుల మీదే వెనక్కి వెళ్లండి. గుడ్ల కోసం వెతకకండి. మీరు అక్కడున్నంతసేపూ అవి ఎండలో ఉడుకుతుంటాయి, పైన కాకులు చూస్తుంటాయి.

చేయకూడనివి:

- ఫోటో కోసం రాళ్లు విసిరి గుంపును లేపడం. ఒక్కోసారి మొత్తం గుంపు ఆ రోజుకు చెరువు వదిలేస్తుంది.
- ఫోన్‌లో కూత వినిపించి పిలవడం. పిల్లలు పెట్టే కాలంలో మగపక్షి శత్రువు వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.
- గూటికి అడ్డంగా ఉన్న కొమ్మలు ఫోటో కోసం నరకడం. నీడ పోతుంది, గద్దలకు దారి దొరుకుతుంది.
- గూడు ఉన్న చోటు లొకేషన్‌తో సహా గ్రూపుల్లో పెట్టడం.
- గూళ్ల మీదుగా డ్రోన్ ఎగరేయడం.

దసరా నాడు పాలపిట్టను చూడటం మనకు శుభం. దానికోసం పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అలా పట్టడం నేరం. జాలిపడి కొని వదిలేసినా, ఆ డబ్బుతో మరో పిట్టను పట్టుకొస్తారు. పొద్దున్నే ఊరి బయట పొలాల వెంట తీగలను చూసుకుంటూ వెళ్లండి, పాలపిట్ట దానంతట అదే కనిపించే అవకాశం ఎక్కువ. రామచిలుకను పంజరంలో పెంచడం కూడా అదే చట్టం కింద నేరమే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అదే.

8. ఇంటి దగ్గర చేయాల్సినవి

నీళ్లతో మొదలుపెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండంగుళాలకు మించని లోతు, మధ్యలో ఒక గరుకు రాయి. చెట్టు నీడలో, పిల్లి పొంచడానికి పొదలు లేని చోట పెట్టండి. రోజు విడిచి రోజు నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది కడిగి మళ్లీ నింపండి. ఇలా చేస్తే దోమలు పెరగవు, పక్షులకు జబ్బులు అంటుకోవు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కరోజు కూడా మరిచిపోకండి, అలవాటు పడిన పక్షి అక్కడికే వస్తుంది.

గింజలు చల్లే విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. నగరాల్లో గింజలు చల్లితే చేరేది పావురాలే. వాటి గుంపు పెరిగితే మిగతా పిట్టలకు చోటుండదు, రెట్ట వల్ల మనుషుల ఊపిరితిత్తులకు కూడా ముప్పే. గింజల డబ్బుతో మొక్క కొనండి.

ఏ మొక్క అంటే, చోటు ఉంటే నేరేడు, మేడి, వేప, కానుగ, రావి. ఊరి బయటైతే మోదుగ, బూరుగ, రేగు, తుమ్మ. మర్రి, రావి కాయలు పండినప్పుడు కోకిల, గోరింక, పికిలి పిట్ట, పచ్చపావురం ఒకే చెట్టు మీద చేరతాయి. చోటు లేనివాళ్లు కుండీలో మందారం, రామబాణం పెట్టినా తేనెపిట్ట వస్తుంది. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం నాటకండి, మన పిట్టలకు దాని వల్ల తిండి దొరకదు.

మందులు కొట్టని మడి ఒకటి ఉంచండి. పిచ్చుక గింజలు తినే పక్షే అయినా పిల్లలకు పెట్టేది పురుగులే. పురుగు లేని పెరట్లో ఎంత మంచి గూటి పెట్టె పెట్టినా పిల్లలు బతకవు.

పిచ్చుక పెట్టె పెడితే రంధ్రం సుమారు 32 మిల్లీమీటర్లు ఉంచండి. పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ముందు కూర్చోవడానికి పుల్ల పెట్టకండి, కాకులకు అది అక్కరకొస్తుంది. తొమ్మిది, పది అడుగుల ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు బిగించండి.

పెద్ద అద్దాల కిటికీలు ఉంటే బయటి వైపు రెండేసి అంగుళాల దూరంలో నిలువు గీతలు గీయండి లేదా స్టిక్కర్లు అతికించండి. ఒక్క గద్ద బొమ్మ అతికిస్తే చాలనుకుంటారు, చాలదు. పిట్ట ఆ బొమ్మ పక్క నుంచే వచ్చి కొట్టుకుంటుంది.

రైతులకు రెండు మాటలు. పొలంలో ఎకరాకు పది దాకా పక్షి స్థావరాలు, అంటే టీ ఆకారపు కర్రలు, పాతితే పసులపోలిగాడు, గోరింక వాటి మీద కూర్చుని పురుగులను ఏరుకు తింటాయి. ఎలుకల మందు పెట్టిన చోట చచ్చిన ఎలుకలను వెంటనే లోతుగా పాతిపెట్టండి. వాటిని తిన్న గుడ్లగూబ కూడా చచ్చిపోతుంది, ఆ గుడ్లగూబ బతికుంటే మీ ఎలుకలను అదే పట్టేది.

9. కింద పడిన పిల్ల, గాయపడిన పక్షి

ముందు ఏ వయసు పిల్లో చూడండి. ఈకలు రాని, కళ్లు తెరవని పిల్ల అయితే గూడు దగ్గర్లోనే ఉంటుంది, తిరిగి అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. గూడు పడిపోయి ఉంటే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే కొమ్మకు కట్టండి.

ఈకలు వచ్చి, పొట్టి తోకతో గెంతుతున్న పిల్ల అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లి, కుక్క అందుకోలేని కొమ్మ మీద పెట్టి పక్కకు తప్పుకోండి. దూరం నుంచి గంట, రెండు గంటలు చూస్తే తల్లి తిండి తెచ్చి పెట్టడం కనిపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లే పిల్లల్లో చాలావరకు ఇలాంటివే. జాలితో చేసే పనే అయినా తల్లి నుంచి విడదీసినట్టవుతుంది.

పెద్ద పక్షికి గాయమైతే:

1. పల్చటి గుడ్డ కప్పి రెండు చేతులతో రెక్కలు దగ్గరికి పట్టుకోండి. గద్ద అయితే గోళ్లు, కొంగ అయితే ముక్కు జాగ్రత్త. కొంగ నేరుగా కంట్లో పొడుస్తుంది.
2. రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో, అడుగున గుడ్డ వేసి పెట్టి మూసేయండి. చీకటిలో పక్షికి టెన్షన్ తగ్గుతుంది.
3. నోట్లో నీళ్లు పోయకండి, పాలు అసలే వద్దు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.
4. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఆ నంబరు, దగ్గరి పశువైద్యశాల నంబరు ఈరోజే ఫోన్‌లో వేసుకోండి. ఆదివారం సాయంత్రం వెతికితే దొరకదు.

సంక్రాంతి ముందు, తర్వాత కొన్ని వారాలు ఎక్కువగా వచ్చేవి మాంజా గాయాలు. దారాన్ని లాగకండి, అది కండలోకి ఇంకా దిగుతుంది. రెండు వైపులా కత్తెరతో కత్తిరించి, రెక్కలో ఇరుక్కున్న ముక్కను డాక్టర్‌కే వదిలేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అమ్మేవాళ్లు కనిపిస్తే పోలీసులకు చెప్పవచ్చు. పండగ అయ్యాక ఒక ఉదయం చెరువు గట్టు చెట్లకు వేలాడే దారాలను తీసేయండి. పండగ రోజు తెగిన దారం నెలల తర్వాత కూడా పక్షులను పట్టేస్తుంది.

10. చెరువు కోసం మాట్లాడటం

ఏడాది లెక్క చేతిలో ఉంటే మీ మాటకు బరువుంటుంది. "ఇక్కడ చాలా పక్షులుంటాయి" అంటే ఎవరూ వినరు. తేదీలవారీగా రకాలు, సంఖ్యలు, నీటి మట్టం ఉన్న కాగితం పెడితే ఫైలు కదులుతుంది.

ముందు చెరువు పూర్తి నీటి మట్టం హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా ఉందో తెలుసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో ఉన్నాయి. మిగతా చోట్ల నీటిపారుదల శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి.

ఎవరికి చెప్పాలి:

- మట్టి పోయడం, ఆక్రమణ: తహసీల్దార్, నీటిపారుదల శాఖ. హైదరాబాద్‌లో హైడ్రా (చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ) కూడా.
- మురుగు, రసాయనాలు: మున్సిపాలిటీ లేదా పంచాయతీ, కాలుష్య నియంత్రణ మండలి.
- వేట, ఉచ్చులు, పక్షుల అమ్మకం: అటవీ శాఖ.

తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక్క సమస్యే రాయండి, ఒక్క కోరికే కోరండి. తేదీతో ఉన్న రెండు ఫోటోలు, మీ పక్షుల లెక్క వెనక జతచేయండి. మీతో పాటు ఇద్దరు మత్స్యకారుల, ఇద్దరు రైతుల సంతకాలు ఉంటే మంచిది.

చెరువు సుందరీకరణ ప్లాన్ వస్తోందని తెలిస్తే టెండర్ ముందే వెళ్లండి. అడగాల్సినవి నాలుగే: ఒక వైపైనా ఒడ్డు ఏటవాలుగా ఉంచడం, గుర్రపు డెక్క తీసేసినా జమ్మును మొత్తం పీకేయకపోవడం, పాత చెట్లను వదలడం, నీటి వైపు లైట్లు పెట్టకపోవడం. పని మొదలయ్యాక ఇవేవీ సాధ్యం కావు.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి పంచాయతీకి, మున్సిపాలిటీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ జాబితాను అందులో చేర్చమని రాతపూర్వకంగా ఇవ్వండి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం అంచునున్న చెరువుకూ ఆ గుర్తింపు వస్తుందని చెప్పడానికి మీ ఊళ్లో దాన్నే చూపించండి.

ఈ పనిని ఒక్కరే మోయకండి. దగ్గరి స్కూల్లో ఒక టీచర్‌నో, కట్ట మీద రోజూ వాకింగ్‌కు వచ్చే ఒక పెద్దాయననో కలుపుకుని, బైనాక్యులర్ పట్టడం, లెక్క రాయడం నేర్పండి. మీరు ఊళ్లో లేని నెలలో కూడా నోట్‌బుక్‌లో ఆ నెల పేజీ ఖాళీగా ఉండకూడదు.